డప్పు గుంజుకున్నారు, అడుగు గుంజుకోలేకపోయారు

డ్యూటీల మధ్య ఈ వారం ఎపిసోడ్ పూర్తిగా వినలేకపోయిన వాళ్ళ కోసం, విన్నా సరే పేర్లూ సంవత్సరాలూ మళ్ళీ చూసుకోవాలనుకునే వాళ్ళ కోసం ఈ రాత. మాట్లాడినదాన్ని కొంచెం సర్ది, టైం చాలక వదిలేసిన సంగతులు కూడా కలిపాను.

విషయం ఆఫ్రికా ఆట. ఆ మాట అనగానే మనలో చాలామందికి కళ్ళ ముందుకి వచ్చే బొమ్మ ఒకటే. అడవి, మధ్యలో మంట, చుట్టూ ఈకలు కట్టుకుని ఎగిరే మనుషులు, వెనక డోళ్ళ మోత. మన పాత సినిమాల్లో హీరోని చెట్టుకి కట్టేసి చుట్టూ గెంతే గుంపు కూడా ఇదే బొమ్మ. ఇది మనం ఆఫ్రికా వెళ్ళి చూసి తెచ్చుకున్నది కాదు. సైట్ మీద మన పక్కన పనిచేసే ఘానా వాళ్ళో, ఇథియోపియా వాళ్ళో చెప్పిందీ కాదు. దీన్ని తయారుచేసి ఊరూరా చూపించిన వాళ్ళలో అమెరికా సినిమా వాళ్ళది పెద్ద చెయ్యి. విచిత్రం ఏంటంటే, వాళ్ళు ఆ బొమ్మ తయారుచేస్తున్న రోజుల్లోనే అసలు ఆట అదే దేశంలో, వాళ్ళ ఇళ్ళకి దూరం కాని పల్లెల్లో బతికే ఉంది. ఆ రెండింటి కథే ఇది.

1739, ఒక పొలం

ముందు కెమెరా లేని కాలం నుంచి మొదలుపెడదాం. అప్పటికి అమెరికా అనే దేశం లేదు. సౌత్ కరోలినా బ్రిటిష్ వాళ్ళ వలస రాజ్యం. అక్కడ వరి పండించేవాళ్ళు. అవును, వరే. పొలాల్లో పనిచేసేది ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చిన బానిసలు. వాళ్ళలో వరి సాగు తెలిసిన పశ్చిమ ఆఫ్రికా ప్రాంతాల వాళ్ళు కూడా చాలామంది ఉన్నారు.

1739 సెప్టెంబర్ 9, ఆదివారం. చార్ల్‌స్టన్ ఊరికి నైరుతి వైపు స్టోనో నది దగ్గర దాదాపు 20 మంది బానిసలు తిరగబడ్డారు. ఒక దుకాణం మీద పడి తుపాకులు తీసుకున్నారు. అప్పట్లో ఫ్లోరిడా స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉండేది. అక్కడికి పారిపోయి చేరితే స్వేచ్ఛ ఇస్తామని వాళ్ళు చెప్పారు. అందుకని దక్షిణంగా నడక మొదలుపెట్టారు. దారిలో ఇంకొందరు కలిశారు. ఒక చోట పొలంలో ఆగి డోళ్ళు కొట్టారు, పాడారు, ఆడారు. ఆ చప్పుడు విని చుట్టుపక్కల తోటల్లోంచి ఇంకా జనం వస్తారని వాళ్ళ ఆశ. సాయంత్రానికల్లా గుర్రాల మీద తెల్లవాళ్ళ దళం వచ్చింది. రెండు వైపులా చాలామంది చనిపోయారు. తిరుగుబాటు అణిగిపోయింది.

మరుసటి సంవత్సరం, 1740లో, సౌత్ కరోలినా ఒక చట్టం చేసింది. బానిసలు గుంపుగా కూడకూడదు, వాళ్ళకి రాయడం నేర్పకూడదు. వీటితో పాటు ఇంకొకటి: డోళ్ళు, కొమ్ములు, పెద్ద చప్పుడు చేసే వాయిద్యాలు ఉంచుకోకూడదు, వాడకూడదు. చట్టంలో వాటిని రాసింది ఆయుధాల వరసలో.

డప్పుకి ఆయుధం హోదా ఇచ్చిన చట్టం అన్నమాట. మన దగ్గర డప్పు సంగతి తెలిసిన వాళ్ళకి ఇది వింతగా అనిపించదు. ఊళ్ళో దండోరా వేసినా, చావుకి పిలిచినా, ఊరేగింపు కదిలినా డప్పు ఒక కబురు. కబురు అందితే జనం కూడతారు. యజమాని భయపడింది చప్పుడుకి కాదు, ఆ కూడే జనానికి.

డోలు పోయింది. మరి ఆట ఏమైంది? చేతుల్లోకి, తొడల మీదికి, ఛాతీ మీదికి, పాదాల్లోకి వచ్చేసింది. ఒళ్ళే డోలు అయిపోయింది. చేతులతో తొడలూ ఛాతీ కొట్టుకుంటూ తాళం వేసే ఆటని ‘పాటింగ్ జూబా’ అన్నారు. ఇంకోటి ‘రింగ్ షౌట్’. పేరులో షౌట్ అని ఉన్నా అరుపు కాదు. గుండ్రంగా, గడియారం ముల్లుకి ఎదురు దిశలో, పాదాలు నేల మీద జరుపుతూ తిరుగుతారు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు, ఒకరు చీపురు కర్ర మొనతో చెక్క నేల మీద తాళం కొడతారు. ఒక నియమం ఉంది: కాలు మీద కాలు దాటించకూడదు. ఎందుకంటే చర్చి పెద్దల లెక్కలో కాలు దాటితే అది డాన్స్, డాన్స్ అంటే పాపం. కాలు దాటకపోతే ప్రార్థన. యజమానికి డోలు కనబడదు, పాస్టర్‌కి డాన్స్ కనబడదు. ఆట మాత్రం బతికింది.

బతుకమ్మ ఆడిన అక్కలకి ఇది వెంటనే అర్థమవుతుంది. గుండ్రంగా తిరగడానికి, పాట ఎత్తుకుని అందుకోవడానికి వాయిద్యం ఏం అక్కర్లేదు. చప్పట్లు చాలు.

ఇంజనీరు చూసిన ఆదివారం

డోలు అన్ని చోట్లా పోలేదు. లూసియానాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఆదివారం బానిసలకి కొంత వెసులుబాటు ఉండేది. 1817లో అక్కడి నగర కౌన్సిల్ ఒక రూలు పెట్టింది: ఆటపాటలు ఆదివారమే, మేయర్ చూపించిన చోటే. అలా ఊరి వెనక ఉన్న ఖాళీ జాగా ఒకటి ఆ కూడికకి స్థలమైంది. దాన్నే కాంగో స్క్వేర్ అంటారు. ఇవాళ అది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టిన పార్కులో భాగం.

1819 ఫిబ్రవరిలో ఒక ఆదివారం బెంజమిన్ లాట్రోబ్ అనే ఆయన అటు వెళ్ళాడు. మన లైనులో వాళ్ళకి ఆయన పేరు తెలియాలి. వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు భవనం కాపిటల్ కట్టిన ముఖ్యమైన ఆర్కిటెక్టుల్లో ఆయన ఒకడు. న్యూ ఆర్లియన్స్‌కి మంచినీళ్ళ పంపింగ్ ప్లాంటు పని మీద వచ్చాడు. గుర్రాలు చెక్క నేల తొక్కుతున్నట్టు ఏదో చప్పుడు వినబడితే వెతుక్కుంటూ వెళ్ళి, 500, 600 మంది దాకా చిన్న చిన్న వలయాలుగా చేరి ఆడుతుండడం చూశాడు.

ఆయన డైరీ ఇప్పటికీ ఉంది. అందులో వాయిద్యాల బొమ్మలు గీశాడు. మనిషి పైకెక్కి కూర్చుని చేతులతో వాయించే డోలు, సొరకాయ బుర్రతో చేసిన తీగ వాయిద్యం, దాని తల మీద చెక్కిన మనిషి బొమ్మ. కొలత తెలిసినవాడి గీత అది. ఆ బొమ్మలు లేకపోతే ఆ డోళ్ళు ఎలా ఉండేవో ఇవాళ ఇంత వివరంగా తెలిసేది కాదు. కానీ అదే పేజీల్లో ఆ ఆట అనాగరికమనీ, ఆ పాట మొద్దుదనీ చీదరించుకున్నాడు. కన్ను బాగా పనిచేసింది, మనసు పనిచెయ్యలేదు. అడుగు వేస్తున్న మనిషి పేరేంటో, వారమంతా ఏం పనిచేసి వచ్చాడో, ఏం పాడుతున్నాడో ఆయన అడగలేదు. ఆ మరుసటి ఏడాదే, 1820లో, పచ్చజ్వరం వచ్చి ఆ ఊళ్ళోనే చనిపోయాడు.

వాయిద్యం కొలత తీసుకుని మనిషి పేరు వదిలేసే ఈ అలవాటు తర్వాత వచ్చిన కెమెరాకి కూడా అంటుకుంది.

సంతలో పెట్టిన ఊరు, స్టూడియోలో పుట్టిన అడవి

1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వినోదాల వీధి ఒకటి పెట్టారు. అందులో ‘దహోమీ గ్రామం’ అని ఒక వాడ. దహోమీ అంటే ఇవాళ్టి బెనిన్ దేశం. పశ్చిమ ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చి గుడిసెల్లో ఉంచి రోజూ ఆడించారు. టికెట్ కొని చూడాలి. బానిసత్వం నుంచి తప్పించుకుని దేశమంతా పేరున్న నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ అదే ప్రదర్శనలో హైతీ దేశం తరఫున ఉన్నాడు. నల్లవాళ్ళని అడవి మనుషులుగా చూపించడానికే దీన్ని పెట్టారని ఆయన బాధపడ్డాడు. అమెరికా నల్లవాళ్ళు ఆ 30 ఏళ్ళలో సాధించిన దానికి ఆ ప్రదర్శనలో చోటు దొరకలేదు. గుడిసెకీ గెంతులకీ దొరికింది.

తర్వాత సినిమా వచ్చింది. మార్టిన్ జాన్సన్, ఆయన భార్య ఓసా అని కాన్సస్ దంపతులు. ఆఫ్రికాలో తిరిగి తీసిన సినిమాలతో అమెరికాలో స్టార్లయ్యారు. 1932లో వచ్చిన ‘కాంగోరిల్లా’లో, కాంగో ఇటూరి అడవిలోని పొట్టి మనుషుల ముందు గ్రామఫోన్‌లో జాజ్ పాట పెట్టి, ఓసా తాను చిందేస్తూ వాళ్ళని ఆడించే సీను ఉంది. థియేటర్లో జనం నవ్వడానికి పెట్టిన సీను. ఆ మనుషులకి సొంతంగా ఎంతో లోతైన పాట, ఆట ఉన్నాయి. అది చూపిస్తే జనం నవ్వరు కదా. పైగా జాజ్ ఎక్కడ పుట్టింది? ఇందాక చెప్పుకున్న న్యూ ఆర్లియన్స్‌లో, ఆఫ్రికా వాళ్ళ వారసుల చేతుల్లో. అంటే ఆఫ్రికా తాళాన్నే రికార్డు చేసి ఆఫ్రికా తీసుకెళ్ళి, అది విని వాళ్ళు కదిలితే వింతగా చూశారన్నమాట.

అంతకన్నా ఘోరం 1930 నాటి ‘ఇంగాగి’. కాంగో అడవుల్లో ఒక బ్రిటిష్ దొర సాహసయాత్ర, అంతా నిజం అని ప్రచారం చేశారు. జనం విరగబడి చూశారు. అసలు సంగతి ఏంటంటే ఆ దొర లేడు, ఆ యాత్ర లేదు. కొన్ని ముక్కలు పాత సినిమా నుంచి ఎత్తుకున్నవి, మిగతాది లాస్ ఏంజెలెస్‌లో తీసింది. గొరిల్లా ఒక నటుడు వేసుకున్న వేషం. పొట్టి మనుషులుగా చూపించింది ఆ ఊళ్ళోని నల్ల పిల్లల్ని. తాబేలుకి రెక్కలూ పొలుసులూ అతికించి కొత్త జంతువు అన్నారు. చివరికి వ్యాపారాల్లో మోసాన్ని చూసే ప్రభుత్వ సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్, విచారించి 1933లో ఇది అబద్ధమని తేల్చింది. అప్పటికి సినిమా వాళ్ళ డబ్బు వాళ్ళకి వచ్చేసింది. జనం మనసులో బొమ్మ కూడా గట్టిపడిపోయింది. కాంక్రీటు సెట్ అయ్యాక లెవెల్ తప్పిందని ఇన్‌స్పెక్టర్ వచ్చి చెప్పినట్టు.

కెమెరాతో పాటు తానూ ఆడినావిడ

అందరూ ఇలాంటివాళ్ళే కాదు. ‘కాంగోరిల్లా’ ఆడుతున్న కాలంలోనే సియెర్రా లియోన్ దేశపు ఫ్రీటౌన్ నుంచి వచ్చిన అసదతా దఫోరా అనే ఆయన న్యూయార్క్‌లో ఉన్నాడు. 1934లో ‘కికుంకోర్’ అనే నృత్యనాటకం వేశాడు. చిన్న హాల్లో మొదలై పెద్ద థియేటర్లకి ఎక్కింది. ఒక కథ, పెళ్ళి, చేతబడి, దానికి విరుగుడు, ప్రతి సందర్భానికీ దాని ఆట. ఆఫ్రికా ఆటకి లెక్కా అర్థమూ ఉంటాయని న్యూయార్క్ జనానికి ఆఫ్రికా మనిషే స్టేజి మీద చూపించాడు.

ఇంకొకరు కేథరీన్ డన్‌హామ్. నల్లజాతి యువతి, చికాగో యూనివర్సిటీలో మానవశాస్త్రం చదువుతోంది, డాన్సర్ కూడా. 1935, 36లో ఒక ఫెలోషిప్ మీద జమైకా, మార్టినీక్, ట్రినిడాడ్, హైతీ తిరిగింది. అవి ఆఫ్రికా బానిసలని దించిన దీవులు. చేతిలో 16 ఎంఎం కెమెరా. జమైకాలో అకోంపాంగ్ అనే పల్లెలో, తప్పించుకున్న బానిసల వారసుల మధ్య, వారాల తరబడి ఉంది. మార్టినీక్‌లో ‘లాగ్యా’ అనే కుస్తీ లాంటి ఆటని ఫిల్మ్ తీసింది. రంగు రంగుల సెట్ లేదు, వ్యాఖ్యానం లేదు. ఇద్దరు మనుషులు, చుట్టూ ఊరు, పక్కన డోలు. 1938లో చికాగోలో అదే ఆట పేరుతో ఒక బాలే చేసి స్టేజి ఎక్కించింది. ఆమె తీసిన ఆ పాత ఫిల్మ్‌లు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఆమెకీ జాన్సన్ దంపతులకీ తేడా కెమెరాలో లేదు. అడుగు నేర్చుకోడానికి వెళ్ళినావిడకి ఎక్కడ చూడాలో తెలుసు. పాదం ఎక్కడ ఆనింది, నడుం ఎప్పుడు తిరిగింది, డోలు ఎవరిని పిలిచింది, ఇవన్నీ. మేస్త్రీ గోడ చూడడానికీ టూరిస్ట్ గోడ చూడడానికీ ఎంత తేడానో అంత తేడా.

డన్‌హామ్ దగ్గర కొన్నాళ్ళు సెక్రటరీగా పనిచేసిన మాయా డెరెన్ సినిమా దర్శకురాలైంది. 1947లో హైతీ వెళ్ళి, అక్కడ దేవతల్ని కొలిచే ఆటలని కొన్ని ట్రిప్పుల్లో చాలా ఫిల్మ్ తీసింది. వెళ్ళేముందు ఆమె ప్లాను వేరు: ఆ కదలికల్ని తీసుకుని తన కళకి తగ్గట్టు కత్తిరించి పేర్చాలని. వెళ్ళి చూశాక ఆ ప్లాను వదిలేసింది. వాళ్ళ పూజలో ఏ అడుగు ఎందుకు వేస్తారో తెలిశాక దాన్ని తన ఇష్టం వచ్చినట్టు కత్తిరించడానికి చెయ్యి రాలేదు. 1953లో పుస్తకం రాసింది, సినిమా మాత్రం పూర్తి చెయ్యలేదు. 1961లో చనిపోయింది. తర్వాత ఆమె భర్త తెయిజీ ఇటో, మరొకరు ఆ ఫిల్మ్‌ని కూర్చి వ్యాఖ్యానం కలిపారు. ఇవాళ మనం ‘డివైన్ హార్స్‌మెన్’ పేరుతో చూసేది ఆమె ఎడిట్ చేసింది కాదు. ఒక మనిషి గౌరవంతో ఆపేసిన పనిని ఇంకొకరు పూర్తి చేస్తే దాన్ని ఎవరి సినిమా అనాలి? ఈ ప్రశ్న మీద ఎపిసోడ్‌లో మేము చాలాసేపు మాట్లాడుకున్నాం, మీరూ ఆలోచించండి.

వలస కూలీ బెస్సీ జోన్స్

ఇప్పుడు మళ్ళీ రింగ్ షౌట్ దగ్గరికి వద్దాం. జార్జియా, సౌత్ కరోలినా తీరం వెంట చిన్న చిన్న దీవులు ఉన్నాయి. వేడి, దోమలు, మలేరియా. తెల్ల యజమానులు అక్కడ ఎక్కువ రోజులు ఉండేవాళ్ళు కాదు. అందుకే అక్కడి నల్లవాళ్ళ మాట, వంట, ఆట ఆఫ్రికాకి దగ్గరగా మిగిలాయి. వాళ్ళనే గల్లా గీచీ జనం అంటారు.

బెస్సీ జోన్స్ అక్కడ పుట్టింది కాదు. 1902లో జార్జియా లోపలి ఊళ్ళో పుట్టింది. ఇళ్ళలో వంట చేసింది, పొలాల వెంట వలస కూలీగా తిరిగింది. పెళ్ళయ్యాక సెయింట్ సైమన్స్ దీవి చేరి అక్కడి పాటగాళ్ళతో కలిసింది. 1960ల మొదట్లో ఆమెనీ ఆమె బృందాన్నీ కాలిఫోర్నియా పిలిపించి, బెస్ లోమాక్స్ హాజ్ అనే ఆవిడ, మానవశాస్త్రవేత్త ఎడ్మండ్ కార్పెంటర్ కలిసి ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ డాక్యుమెంటరీ తీశారు. పేరు ‘జార్జియా సీ ఐలాండ్ సింగర్స్’.

అందులో ‘బజర్డ్ లోప్’ అనే ఆట ఉంది. రాబందు నడక. ఒక మనిషి రాబందులా చుట్టూ తిరుగుతూ, నేల మీద ఉన్న దాని మీదికి వంగుతూ ఆడతాడు. తెలియనివాడు చూస్తే పక్షిని అనుకరించే సరదా ఆట అనుకుంటాడు. పాట సంగతి తెలిస్తే నవ్వు రాదు. చచ్చిపోయిన బానిసని సరిగ్గా పూడ్చకుండా పొలంలో పడేసే రోజుల గురించిన పాట అది. ఒంటిని ఎక్కడ పడేసినా ఫర్వాలేదు, ఆత్మ దేవుడి దగ్గరికి పోతుందని దాని భావం. పరాయి దేశంలో చనిపోతే బాడీ ఇంటికి చేరుతుందా లేదా అని మనలో ఎంతమంది రాత్రుళ్ళు ఆలోచించలేదు? ఆ భయం ఎంత పాతదో ఆ అడుగు చూస్తే తెలుస్తుంది.

రింగ్ షౌట్ ఎప్పుడో చచ్చిపోయిందని చాలామంది పండితులు అనుకుంటుండగా, 1980 ప్రాంతంలో జార్జియా మెకింటాష్ కౌంటీలోని బోల్డెన్ అనే చిన్న ఊరి వాళ్ళు బయటికి వచ్చారు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో జాగారం చేసి, షౌట్ చేస్తూ కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే ఆచారం వాళ్ళు వదల్లేదు. మెకింటాష్ కౌంటీ షౌటర్స్ పేరుతో బృందమై, 1993లో జానపద కళాకారులకి ఇచ్చే జాతీయ గౌరవం అందుకున్నారు. బెస్సీ జోన్స్‌కి ఆ గౌరవం 1982లో, అది మొదలైన ఏడాదే దక్కింది.

పని నుంచి ఆట

బెస్ హాజ్ అన్న అలన్ లోమాక్స్ ఇంకో దారి పట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి ఆటల ఫిల్మ్‌లు పోగేసి, ఇద్దరు నృత్య నిపుణులతో కూర్చుని, ఒళ్ళు ఎలా కదులుతుందో పాయింట్ల వారీగా లెక్కలు వేశాడు. దీన్ని ‘కోరియోమెట్రిక్స్’ అన్నారు. 1974లో ‘డాన్స్ అండ్ హ్యూమన్ హిస్టరీ’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ముఖ్యమైన మాట ఇది: ఒక జాతి ఆటలోని కదలిక, వాళ్ళు రోజూ చేసే పనిలోని కదలిక నుంచే వస్తుంది.

ఈ మాట నాకు నచ్చుతుంది. నాట్లు వేసిన నడుం, పార పట్టిన భుజం, రోకలి ఎత్తిన చెయ్యి ఆటలో కనబడకుండా ఎలా ఉంటాయి? కానీ నృత్యం చదివిన పరిశోధకులు గట్టిగా విమర్శించారు కూడా. ఎవరో ఎప్పుడో తీసిన కొన్ని నిమిషాల ఫిల్మ్ చూసి మొత్తం జాతి స్వభావం చెప్పెయ్యడం ఏంటని. నిజమే. ఒక్క క్యూబు టెస్టు చేసి బిల్డింగ్ అంతా ఓకే అని సంతకం పెట్టం కదా.

పని నుంచి ఆట పుట్టడానికి ఎదురుగా కనబడే సాక్ష్యం దక్షిణాఫ్రికా గనుల్లో ఉంది. బంగారు గనుల్లో పనిచేసింది చుట్టుపక్కల దేశాల నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన వలస కార్మికులు. వాళ్ళ బస కంపెనీ కాంపౌండుల్లో. వేసుకున్న రబ్బరు బూట్లనే కొడుతూ, నేల తొక్కుతూ ‘గమ్‌బూట్’ ఆట పెంచుకున్నారు. బ్రయాన్ విలియమ్స్ అనే అమెరికా నల్లజాతి యువకుడు లెసోతోలో ఉన్నప్పుడు ఈ ఆట చూసి ఉలిక్కిపడ్డాడు. అమెరికా నల్లవాళ్ళ కాలేజీల్లో విద్యార్థులు చేసే ‘స్టెప్పింగ్’ అచ్చం అలాగే ఉంటుంది, తొడలు చరచడం, పాదం తొక్కడం. 1994లో ఆయన ‘స్టెప్ ఆఫ్రికా’ అనే బృందం పెట్టాడు. వాళ్ళ ప్రదర్శనల్లో ఒకటి ‘డ్రమ్‌ఫోక్’. కథ ఏంటో ఊహించండి: స్టోనో తిరుగుబాటు, 1740 చట్టం, డోలు గుంజుకుంటే ఒళ్ళు డోలు కావడం.

తల్లి నేర్పిన ఏడుపు పాట

చివరిగా ఒక డాక్యుమెంటరీ గురించి. ‘ఇంగాగి’ అబద్ధం దేశమంతా ఆడిన ఆ 1930ల మొదట్లోనే, లొరెంజో టర్నర్ అనే నల్లజాతి భాషా పండితుడు బరువైన రికార్డింగ్ మెషీన్ మోసుకుని జార్జియా తీరంలో తిరుగుతున్నాడు. మెకింటాష్ కౌంటీలోనే, బోల్డెన్‌కి దూరం కాని హారిస్ నెక్ అనే పల్లెలో అమీలియా డాలీ అనే ఆవిడ ఆయనకి ఒక పాట పాడింది. ఆమెకి దాని అర్థం తెలియదు. అమ్మమ్మల నుంచి వచ్చింది. సియెర్రా లియోన్ నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక విద్యార్థి అది తమ మెండే భాష అని గుర్తుపట్టాడు.

1942లో, యుద్ధం పేరు చెప్పి, విమానాల రన్‌వే కోసం ప్రభుత్వం హారిస్ నెక్ ఊరిని ఖాళీ చేయించింది. ఊరు పోయింది. ఇవాళ అక్కడ పక్షుల అభయారణ్యం. పాట మాత్రం అమీలియా కూతురు మేరీ మోరన్‌కి నోటికి వచ్చు.

1990 ప్రాంతంలో జోసెఫ్ ఒపాలా, సింథియా ష్మిట్, తజీఫ్ కొరోమా అనే పరిశోధకులు ఆ రికార్డు పట్టుకుని సియెర్రా లియోన్ పల్లెలు తిరిగారు. సెనెహున్ ఎంగోలా అనే ఊళ్ళో బెందు జబాతి అనే ఆవిడకి దాదాపు అదే పాట తెలుసని తేలింది. ఆమెకి నేర్పింది నాయనమ్మో అమ్మమ్మో, ఇంటి పెద్దావిడ. అది చావు దినాల్లో ఆడవాళ్ళు జరిపే తంతుకి చెందిన పాట. అంతర్యుద్ధం అడ్డొచ్చి, 1997లో గానీ మేరీ మోరన్ అక్కడికి వెళ్ళలేకపోయింది. 200 ఏళ్ళకి పైగా విడిపోయిన రెండు కొసలు ఒక పాట దగ్గర కలిశాయి. ఆల్వారో తోప్కే, ఆంహెల్ సెర్రానో తీసిన ‘ద లాంగ్వేజ్ యు క్రై ఇన్’ 1998లో వచ్చింది. ఏ భాషలో ఏడుస్తావో అదే నీ భాష అని దాని పేరు వెనక ఉన్న మెండే నానుడి సారం.

ఈ సినిమాలో గుడిసె ఉంది, పల్లె ఉంది, నల్లటి మనుషులు ఉన్నారు, పాట ఉంది, ఆట ఉంది. ‘ఇంగాగి’ చూపిస్తానన్నవన్నీ ఉన్నాయి. తేడా ఒకటే. ఇందులో ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక ఊరు, ఒక తల్లి ఉన్నారు.

మన చేతిలో కెమెరా

మనకెందుకు ఇదంతా అంటారా? హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ తెలుసు కదా. ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా మూలాల సిద్దీలు ఉన్న చోటు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మర్ఫా మోగితే మనమంతా కాలు కదుపుతాం. అరబ్బులతో పాటు ఆ సిద్దీల చేతులు కూడా దాన్ని మనదాకా తెచ్చాయి. ఆఫ్రికా ఆట మన ఊళ్ళోనే ఉంది, మనం పేరు అడగలేదు అంతే.

ఇంకో సంగతి. ఒకసారి ఒక కంపెనీ మా సైట్ మీద ప్రచారం వీడియో తీసింది. హెల్మెట్లు, చేతులు, చెమట, సూర్యాస్తమయం, అన్నీ బాగా వచ్చాయి. ఒక్క మనిషి పేరు లేదు. డైరెక్టర్ పేరు, మ్యూజిక్ పేరు, డ్రోన్ తిప్పిన అబ్బాయి పేరు చివర్లో వేశారు. చికాగో గుడిసెలు గుర్తొచ్చాయి.

ఇప్పుడు కెమెరా మన జేబులోనే ఉంది. క్యాంపులో ఉగాదికి డప్పు కొట్టినా, కమ్యూనిటీ హాల్లో బతుకమ్మ ఆడినా, కోలాటం వేసినా వీడియో తీస్తాం, స్టేటస్ పెడతాం, 24 గంటల్లో పోతుంది. ఈసారి తీసేటప్పుడు ఒక్క నిమిషం ఎక్కువ తీయండి. డప్పు కొట్టే అన్న పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఇక్కడ ఏం పని చేస్తాడు, ఈ దరువుని వాళ్ళ ఊళ్ళో ఏమంటారు, ఎప్పుడు కొడతారు అని ఆయన నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యండి. పాట ఎత్తుకున్న పెద్దమ్మ పేరు కూడా. ఆ వీడియోని స్టేటస్‌తో సరిపెట్టకుండా ఇంటికి పంపి పిల్లల దగ్గర దాచిపెట్టమనండి.

అమీలియా డాలీ తన పేరు చెప్పి పాడింది, టర్నర్ ఆ పేరు రాసుకున్నాడు. అందుకే 60 ఏళ్ళ తర్వాత వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి ఆమె కూతురి ఇల్లు దొరికింది.